కొమ్మ మీద కూర్చున్న సేపు

లకుముకి పిట్ట రోజులో ఎక్కువ భాగం కూర్చునే ఉంటుంది. కెమెరా భుజాన వేసుకుని దానికోసం ఏటిగట్టు ఎక్కేవాళ్ళకు మొదట్లో ఈ సంగతి మింగుడుపడదు. వాళ్ళకు కావలసింది అది నీళ్ళలోకి దూకే క్షణం. ముక్కున చేపతో, చుట్టూ చిమ్మిన నీటి బొట్లతో పైకి లేచే క్షణం. ఒక దూకుడికీ ఇంకో దూకుడికీ మధ్య గడిచే కాలమంతా వాళ్ళ లెక్కలో ఖాళీ. కొందరు ఆ ఖాళీలో ఫోను చూసుకుంటారు, కొందరు విసుగెత్తి లేచిపోతారు. పిట్ట మటుకు ఏ ఖాళీలోనూ లేదు. కొమ్మ మీద దాని బతుకు నిండుగా సాగుతూనే ఉంది.

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. అందులో గౌతమి గట్టు వెంట, కోటిపల్లి రేవు వైపు, ఆ చుట్టుపక్కల పంట కాలువల వెంట, మురుగు కాలువల వెంట నేను ఈ పిట్టల్ని చూస్తూ వస్తున్నాను. ఇక్కడ తరచుగా కనబడేవి మూడు రకాలు. గోధుమరంగు తల, తెల్లని రొమ్ము, నీలి వీపు, ఎర్రటి పెద్ద ముక్కు ఉన్నది ఊళ్ళో అందరికీ తెలుసు. కరెంటు తీగ మీద కూర్చుని కీచుమంటూ అరుస్తుంది. బుచ్చిగాడని కూడా అంటారు. దానికి నీళ్ళు దగ్గర్లో లేకపోయినా గడుస్తుంది. మిడత, తొండ, పీత, చిట్టెలుక, ఏది దొరికితే అది తింటుంది. రెండోది పిచ్చుకకన్నా కాస్త పెద్దది. పైన మెరిసే నీలం, కింద నారింజ. మూడోది ఒళ్ళంతా నలుపు తెలుపుల చారలతో, తలమీద జుట్టుతో ఉంటుంది. కోరింగ మడ అడవుల్లోకి వెళితే తలమీద నల్లటోపీ పెట్టుకున్నట్టుండే రకం కూడా కనబడుతుంది. నా మనసు ఆ రెండోదాని మీద నిలిచింది.

అది కొమ్మ మీద ఊరికే కూర్చున్నట్టు కనబడుతున్నప్పుడు నిజానికి ఏం జరుగుతోందో తెలుసుకున్నాక, నేను దాన్ని చూసే తీరే మారిపోయింది. నీటిలో ఉన్న చేప, కనబడిన చోట ఉండదు. వెలుతురు నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది కాబట్టి, గట్టు మీదినుంచి ఏటవాలుగా చూసే కంటికి చేప ఉన్న లోతుకన్నా పైకి తేలినట్టు కనబడుతుంది. పిట్ట ఆ వంపును సరిచూసుకుని మరీ గురి పెట్టాలి. దాని కంటి వెనక చూపు పదునుగా ఉండే గుంటలు రెండున్నాయి, మన కంటికి ఒక్కటే. చేపను చూశాక తలను పైకీ కిందికీ ఆడిస్తుంది, దూరాన్ని కొలుచుకుంటుంది. ఆపైన దూకుతుంది. నీటిని తాకేవేళకు కంటిమీద పలచని పొర ఒకటి కప్పుకుంటుంది. కాబట్టి చూడవలసినదంతా ముందే చూసి ఉండాలి. నీళ్ళలోకి దిగాక ఇక ముక్కు మూయడమే మిగులుతుంది.

చేప దొరికేది కూర్చున్నప్పుడే. దూకడం దాన్ని వెళ్ళి తెచ్చుకోవడం.

ఇది సోమరితనమని ఎవరైనా అంటే వాళ్ళకు ఈ లెక్క చెప్పాలి. ఆ పిట్ట బరువు ముప్ఫై గ్రాములకు అటూ ఇటూ. రోజూ తన బరువులో సగానికి పైగా చేపలు తింటేగాని నిలవలేదు. అంత ఇరుకు బతుకు బతుకుతూ కూడా అది కంగారు పడడం నేను చూడలేదు. గురి తప్పడం మామూలే. తప్పితే పాత కొమ్మకే తిరిగొస్తుంది, రెక్కలు విదిలించుకుంటుంది, ఈకలు సర్దుకుంటుంది, మళ్ళీ నీటివైపు చూస్తుంది. పోయిన చేప గురించి దానికి ఏమైనా బాధ ఉందో లేదో నేను చెప్పలేను, పిట్టల మనసులోకి దూరి మాట్లాడడం నాకు నచ్చదు. కాని బయటికి కనబడేది ఇది: తప్పిన దూకుడికీ, దొరికిన దూకుడికీ తర్వాత అది కూర్చునే తీరులో తేడా లేదు.

మన ఇళ్ళలో ఆల్బములు తిరగేస్తే ఏముంటాయి? పెళ్ళి, గృహప్రవేశం, అన్నప్రాశన, పట్టా పుచ్చుకున్న రోజు. అన్నీ దూకుళ్ళే. ముప్ఫై ఏళ్ళు కలిసి బతికిన ఇద్దరి మధ్య ఉన్న చనువు పెళ్ళిఫొటోలో దొరకదు. అది ఏ సాయంత్రమో అరుగు మీద ఒకరు బియ్యంలో రాళ్ళేరుతూ, ఇంకొకరు పేపరు చదువుతూ, ఒక్క మాటైనా లేకుండా గడిపిన వేళల్లో కట్టుకున్నది. పిల్లవాడికి చదువు మీద ఇష్టం పుట్టింది బహుమతి అందుకున్న రోజున కాదు, ఎవరూ చూడని ఒక మధ్యాహ్నం. పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి కనుక ఇది నాకు బాగా తెలుసు. ఫొటోకెక్కిన రోజులు జరగడానికి కారణమైన రోజులన్నీ ఫొటోకెక్కనివే. వాటిని మనం ఎప్పుడో ఒకప్పుడు మొదలయ్యే అసలు బతుకుకు ముందు గడుస్తున్న కాలంగా లెక్కేస్తాం. అలా లెక్కేసి లెక్కేసి వయసు మీదపడ్డవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళ మీద నాకు ప్రేమే తప్ప తప్పెన్నే ఉద్దేశం లేదు. కాని పాతికేళ్ళ కుర్రవాడు కెమెరా పట్టుకుని గట్టు మీదికి వస్తే మాత్రం ఈ మాట చెప్పకుండా ఉండలేను.

కెమెరా గురించి చెప్పాలంటే, దూకే పిట్టను పట్టడానికి సెకనులో రెండువేలో వంతు, వెలుతురు బాగుంటే మూడువేలో వంతు వేగం కావాలి. కన్ను చూసి, మెదడు చెప్పి, వేలు నొక్కేలోగా పిట్ట నీళ్ళలో ఉంటుంది. ఇప్పుడు వస్తున్న అద్దంలేని కెమెరాలు కొన్ని బటన్ నొక్కడానికి ముందు గడిచిన క్షణాలను కూడా దాచి ఇస్తాయి. మంచి పనిముట్టే, నేను కాదనను. అయితే ఎంత వేగమైన పెట్టె చేతికొచ్చినా, ఏ కొమ్మ మీద ఎప్పుడు కూర్చుంటుందో తెలియాలంటే గట్టు మీద కూర్చోక తప్పదు. పడవ కట్టే గుంజ, లాకు దగ్గరి ఇనుప కమ్మీ, నీటిమీదికి వంగిన వెదురు, ఇలా దానికి కొన్ని చోట్లున్నాయి. వాటినే వరసగా తిరుగుతుంది. రాకముందే సన్నటి ఈల వినబడుతుంది. చెవి అలవాటు పడితే కన్నుకన్నా ముందే తెలిసిపోతుంది.

ఈమధ్య నేను ఎక్కువగా తీసేది కూర్చున్న పిట్టనే. అందులో ఎంత ఉందో! మాఘమాసపు చలి పొద్దున ఈకలన్నీ ఉబ్బించుకుని ఉండలా కూర్చోవడం. మెడ సాచి, నోరు తెరిచి, మింగిన చేపల ముళ్ళనూ పొలుసులనూ చిన్న ముద్దగా బయటికి కక్కేయడం. మగదాని ముక్కు పూర్తిగా నలుపు, ఆడదానికి కింది ముక్కు ఎర్రటి నారింజ. ఒకే గుంజ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే జత కుదిరిందన్నమాట. ఎందుకంటే మిగతా రోజుల్లో అది ఇంకో పిట్టను తన కొమ్మల దరికి రానివ్వదు. చేపను కొమ్మకేసి బాదడం, తల ముందుగా మింగడం. పట్టిన చేప ఎంత పెద్దదైతే అంతసేపు బాదుతుంది.

రేవులో వల ఆరేసుకునే పెద్దాయన ఒకాయన ఒకరోజు నా పక్కన చతికిలబడ్డాడు. "ఇంకెన్నాళ్ళుంటాదండీ మాస్టారూ, ఎర్రనీళ్ళు దిగాయంటే ఈ ఏటిమీద దానికి పనుండదు" అన్నాడు.

"మరెక్కడికి పోతుంది బాబాయ్?"

"చెరువుల్లోకండి, బోదెల్లోకి. నీళ్ళు తేటగా ఉన్న చోటికి. మేం మాత్రం? వరదలో చిన్నవల వెయ్యలేంగా. వల కట్టుకుంటా కూకుంటాం."

వరదరోజుల్లో వల కట్టుకుంటూ కూర్చోవడాన్ని ఆయన పని లేకపోవడంగా చెప్పలేదు. వల కట్టడం పనే గదా. ఆషాఢ శ్రావణాల్లో నది నిండా మన్ను కలిసి పారుతున్నప్పుడు నిజంగానే ఆ నీలిపిట్టలు గౌతమి మీద కనబడవు. లోపలి కాలువల్లో, గుళ్ళ చెరువుల్లో వెతుక్కోవాలి. ఆశ్వయుజం దాటి నీరు తేరుకుంటే మళ్ళీ గుంజ మీదికి వస్తాయి.

నలుపు తెలుపుల పిట్టది వేరే స్వభావం. దానికి కొమ్మ అక్కర్లేదు. నది నడుమ, కొమ్మ అన్నది లేని చోట, గాలిలోనే రెక్కలాడిస్తూ ఒక్కచోట నిలబడిపోతుంది. రెక్కలు అంత వేగంగా కొట్టుకుంటున్నా తల మాత్రం కదలదు. నెత్తిమీద నీళ్ళబిందెతో రేవు మెట్లెక్కే ఆడమనిషి మెడను చూసినవాళ్ళకు ఆ నిలకడ తెలుస్తుంది. చిన్న చేపనైతే ఒడ్డుకు రాకుండానే మింగేస్తుంది కాబట్టి మిగతావాటికి అందని నడిగోదారి దీనికి అందుతుంది. కెన్యాలోని సరస్సుల దగ్గర హైంజ్ ఉల్రిష్ రాయర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ రకాన్ని ఏళ్ళ తరబడి గమనించాడు. జత దొరకని కుర్ర మగపిట్టలు తమ తల్లిదండ్రుల తర్వాతి కాన్పు పిల్లలకు చేపలు మోస్తాయని తేల్చాడు. సొంత గూడు లేని ఏడాదిని అవి అలా గడుపుతాయి. ఉద్యోగం రాక, పెళ్ళి కాక ఇంట్లో ఉండిపోయిన పిల్లల్ని మన ఊళ్ళలో చూసే చూపు నాకు ఆ సంగతి చదివినప్పుడు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. తాతను ఆస్పత్రికి తీసుకెళ్ళేది, చెల్లెలి ఫీజు కట్టి వచ్చేది, పొలానికి నీళ్ళు పెట్టేది ఆ పిల్లలే. అయినా వాళ్ళ రోజుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

జపానులో ఐజీ నకత్సు అనే రైలు ఇంజనీరు ఉన్నాడు. అతి వేగంగా పోయే షింకన్సెన్ రైలు సొరంగంలోకి దూసుకెళ్ళినప్పుడు అవతలి కొస దగ్గర పెద్ద చప్పుడయ్యేది, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఇబ్బంది పడేవారు. గాలిలోంచి నీటిలోకి దాదాపు చిందు లేకుండా దిగే లకుముకి ముక్కు ఆయనకు తట్టింది. ఆ ఆకారాన్ని పోలిన ముక్కుతో చేసిన రైలు 1997లో పట్టాలెక్కింది. పిట్టల వల్ల మనకెంత లాభమో చెప్పడానికి ఈ కథను వాడతారు. నాకు ఇందులో వేరే ముక్క ఇష్టం. ఆయన అప్పటికే పిట్టల్ని చూసే మనిషి. రైలు కోసం చూడలేదు, ఇష్టం కొద్దీ చూశాడు.

ఆ నీలం గురించి కూడా చెప్పాలి. లకుముకి ఈకలో నీలిరంగు పదార్థమంటూ లేదు. నారింజ మాత్రం రంగే. నీలం వచ్చేది ఈక లోపలి అతిసన్నని అల్లిక మీద వెలుతురు పడి చెదరడం వల్ల. రాలిన ఈకను ఎండకు అడ్డంగా పట్టి వెనకనుంచి చూస్తే నీలం పోయి మట్టిరంగు మిగులుతుంది. అందుకే అదే పిట్ట మబ్బు పట్టిన పొద్దున ఒక రంగులో, ఏటవాలు ఎండలో ఇంకో రంగులో ఉంటుంది. ఆ రంగును సొంతం చేసుకోవాలని మనుషులు ఎన్ని పిట్టల్ని చంపారో! చైనాలో శతాబ్దాల పాటు ఆ ఈకల్ని కత్తిరించి రాణుల కిరీటాల మీద అంటించారు. 19వ శతాబ్దంలో ఐరోపా ఆడవాళ్ళ టోపీల కోసం మన దేశపు లకుముకుల్ని వేటాడారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం మన దగ్గర దానికి అడ్డం నిలిచింది. కెమెరా చేసిన మేలు నాకు ఇక్కడ కనబడుతుంది. రంగు మీద మోజు తీరుతుంది, పిట్ట పిట్టగానే ఉంటుంది.

కాని మోజు ముదిరితే కెమెరా కూడా వలే అవుతుంది. బతికున్న చేపల్ని తొట్టిలో పోసి నీళ్ళలో ముంచి, పైన ఒక అందమైన కొమ్మ పాతి, పిట్టను అక్కడికి అలవాటు చేసే పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల ఉంది. ఫోనులో పిట్ట కూత పెట్టి పిలవడం ఇంకొకటి. తన హద్దులోకి ఎవరో చొరబడ్డారని అది తిండి మానేసి కంగారుగా తిరుగుతుంది. మనం కొమ్మ పాతి, చేప పోసి, పిలిచి తీసిన ఫొటోలో పిట్ట ఉంటుంది గాని దాని రోజు ఉండదు.

గూటి దగ్గర నిలబడడం అన్నిటికన్నా చెడ్డది. మనం గూటి దగ్గరున్నామని కనిపెట్టడానికి ఒక గుర్తుంది, గట్టు మీదికి వచ్చే పిల్లలందరికీ నేను ముందుగా చెప్పేది అదే. పిట్ట నోట్లో చేప ఎటు తిరిగి ఉందో చూడండి. తాను తినేదైతే చేప తల తన గొంతువైపు ఉంటుంది, తోక బయటికి. తల బయటికి ఉంటే ఆ చేప ఇంకొకరిది. జతకైనా ఇవ్వబోతోంది, పిల్లలకైనా మోస్తోంది. పిల్ల కూడా తల ముందుగానే మింగాలి గదా, అందుకని అలా తిప్పి పట్టుకుంటుంది. అలా చేపను పట్టుకుని పిట్ట కొమ్మ మీదే ఉండిపోతే, అటూ ఇటూ చూస్తూ ఎంతకీ కదలకపోతే, గూటికీ దానికీ మధ్య మనం ఉన్నామన్నమాట. ఫొటోకు అంతకన్నా మంచి సమయం దొరకదు: పిట్ట కదలదు, నోట్లో చేప, మంచి వెలుతురు. సరిగ్గా అప్పుడే లేచి వెనక్కి వచ్చేయాలి. పిల్లలు ఎదిగే రోజుల్లో ఆ జంట రోజుకు వంద చేపలకు పైగా మోయవలసి ఉంటుంది. మన పది నిమిషాలు వాటికి చాలా ఖరీదు.

గూడంటే కొమ్మ మీద కట్టేది కాదు. నిట్టనిలువుగా తెగిన మట్టిగట్టులో ముక్కుతో పొడిచి, పొట్టి కాళ్ళతో మన్ను వెనక్కి నెట్టి, మూరెడు నుంచి రెండు మూరల దాకా తవ్విన బొరియ. లోపలికి పోనుపోను కాస్త పైకి లేస్తుంది, నీరు నిలవకుండా. చివర చిన్న గది, నేల మీద చేపముళ్ళు. ఇదంతా జరగాలంటే ఒకటే కావాలి. ఎవరూ బాగుచేయని గట్టు కావాలి.

ఇక్కడ నా మనసు రెండుగా చీలుతుంది. గోదావరి కోత అంటే ఏమిటో లంకరైతుకు తెలుసు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి నీటికి కొబ్బరితోటలు కళ్ళముందే ఏటిలోకి జారిపోతాయి. పిట్టకు పనికొచ్చే ఆ నిట్టనిలువు గట్టు ఒకరి అరటితోట తెగిపోగా మిగిలినది. ఊరి పక్కన రాతి రివెట్‌మెంట్ వద్దని నేను అనను, అనకూడదు. ఇంకో సంగతి కూడా ఉంది. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే కదా ఈ డెల్టాలో ఇన్ని కాలువలు, ఇన్ని మట్టిగట్లు వచ్చాయి. ఈ పిట్టలకు ఇన్ని ఇళ్ళు దొరికింది మనిషి తవ్విన కాలువల్లోనే. మనిషి చెయ్యి పడితే పాడవుతుందనే మాట ఈ సీమలో చెల్లదు. ఇసుక ర్యాంపుల సంగతి మాత్రం వేరు. గట్టు కాళ్ళకింది ఇసుక లాగేస్తే పైనున్న మన్ను గూళ్ళతో సహా కూలుతుంది, రైతు పొలమూ కూలుతుంది. అక్కడ ఇద్దరి నష్టం ఒక్కటే.

అసలు చిక్కు వేసవిలో వస్తుంది. ఏటా ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. పూడిక తీత, గట్లు సరిచేయడం, కాంక్రీటు పని, అన్నీ ఆ కొద్ది వారాల్లోనే ముగించాలి. సార్వాకు నీళ్ళు వదిలేలోగా అవ్వాలి కాబట్టి పొక్లెయిన్లు పొద్దూ మాపూ నడుస్తాయి. బొరియల్లో పిల్లలుండేదీ ఆ నెలల్లోనే. గట్టును ఏటవాలుగా చెక్కే యంత్రానికి వేలెడంత కన్నంలో ఏముందో తెలియదు, నడిపే కుర్రాడికి చెప్పినవాళ్ళు లేరు. చెబితే వినడని నేను అనుకోను. కిలోమీటర్ల కాలువలో పిట్ట వాడుకునేవి అక్కడో నాలుగు గజాలు, ఇక్కడో నాలుగు గజాలు. ఆ ముక్కల్ని ఆఖరుకు ఉంచినా చాలు, పిల్లలు ఎగిరిపోతాయి.

ఆ ముక్కలెక్కడున్నాయో చెప్పగలిగేది కూర్చున్న పిట్టను ఏళ్ళుగా చూసినవాళ్ళే. దూకే పిట్ట ఫొటోలో నీళ్ళు తప్ప ఏమీ ఉండవు. కూర్చున్న పిట్ట ఫొటోలో కొమ్మ ఉంటుంది, దాని వెనక గట్టు ఉంటుంది, కొన్నిట్లో బొరియ నోరు కూడా ఉంటుంది. మా గట్టు మీద కెమెరాలతో తిరిగే కుర్రాళ్ళూ నేనూ కలిసి అలాంటివి ఏరి పెట్టాం. ఏ లాకుకు ఎగువన, ఎడమగట్టా కుడిగట్టా, ఏ తాడిచెట్టుకు ఎదురుగా అన్నది ఒక్కొక్క ఫొటో వెనక రాశాం. వేసవి పనులు ఖాయం కాకముందే వాటిని పట్టుకెళ్ళి నీటిసంఘం వాళ్ళ ముందు పెట్టాలి. వాళ్ళు ఒప్పుకుంటే, యంత్రాలు దిగే ముందురోజు ఆ గజాల దగ్గర సున్నంతో గీతలు గీసి రావడం మా పని.